కడప నుంచి కర్నూలుకు విమానంలో 41 నిమిషాలేనా? మా నాయనను విజయవాడ తీసుకెళ్లాలి

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు) · శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తెలిసినవాళ్లు కొంచెం త్వరగా చెప్పండి.

మా నాయనకు 71 ఏళ్లు. జూన్‌లో విజయవాడలో తుంటి ఆపరేషన్ అయింది. మా తమ్ముడు అక్కడే ఉంటాడు కాబట్టి అక్కడే చేయించాం. వచ్చే బుధవారం చెకప్‌కు రమ్మన్నారు. ఆపరేషన్ అయ్యాక కారులో ఊరికి తెచ్చేటప్పుడు వినుకొండ దాటేసరికే కాలు వాచిపోయింది. మిగతా దారంతా కాలు నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన పళ్లు బిగపట్టి ఒక్క మాట అనలేదు. మళ్లీ ఆ దారిన తీసుకెళ్లే ధైర్యం నాకు లేదు. రైలంటే రాత్రి ప్రయాణం. రాత్రిపూట బాత్రూమ్‌కు లేపాలంటే నా ఒక్కదాని వల్ల కాదు.

బుధవారం కడప నుంచి విజయవాడకు మా ముగ్గురికీ టికెట్లు దొరకలేదు. కర్నూలు నుంచి దొరుకుతున్నాయి. ఇంతలో నెట్‌లో ఒక సైట్ కనిపించింది. కడప విమానాశ్రయం నుంచి కర్నూలు విమానాశ్రయం 148 కిలోమీటర్లు, విమాన ప్రయాణం 41 నిమిషాలు అని రాశారు. ప్రాణం లేచొచ్చింది. కడపలో ఎక్కి, కర్నూలులో దిగి, అక్కడి నుంచి విజయవాడ విమానం ఎక్కొచ్చు కదా అనుకున్నాను. తేదీ వేసి చూస్తే మాత్రం విమానాలు లేవని వస్తోంది. ఏ రోజు వేసినా అంతే.

ఆ విమానం నిజంగా ఉందా? వారంలో ఏ రోజు తిరుగుతుంది? 41 నిమిషాలు నమ్మొచ్చా?

---

కొండారెడ్డి_బురుజు (కర్నూలు) · శనివారం రాత్రి 10:05

అక్కా, కడప, కర్నూలు మధ్య విమానం లేదు. మా కర్నూలు విమానాశ్రయం ఉండేది ఓర్వకల్లులో. అక్కడ 2021 మార్చి 25న ప్రారంభోత్సవం జరిగినప్పటి నుంచి అక్కడి రాకపోకలు చూస్తున్నాను. మొదట్లో బెంగళూరు, చెన్నై, విశాఖకు వేశారు. విజయవాడకు 2025 జులై 2న మొదలైంది, మొదట వారానికి మూడు రోజులు. కడపకు ఎప్పుడూ లేదు.

అలాంటి సైట్లలో ఏ రెండు విమానాశ్రయాల పేర్లు వేసినా దూరం, సమయం వచ్చేస్తాయి. విమానం తిరుగుతుందా లేదా అన్నది అవి చూడవు. మీరు దాన్ని నమ్ముకుని కర్నూలు టికెట్ మాత్రం తీసేసుకోకండి. ముందు రోడ్డు సంగతి తేల్చుకోండి.

---

లెక్కల_మాస్టారు (అనంతపురం) · ఆదివారం ఉదయం 6:20

అమ్మా, మీ నాయనగారు త్వరగా కోలుకోవాలి.

ఆ 148, ఆ 41 ఎక్కడి నుంచి వచ్చాయో చెబుతాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ని. ఈ లెక్క పదో తరగతి పిల్లలు కూడా చేయగలరు.

కడప విమానాశ్రయం అక్షాంశం సుమారు 14.51 డిగ్రీలు, రేఖాంశం 78.77. ఓర్వకల్లుది 15.71, 78.16. అక్షాంశాల తేడా 1.20 డిగ్రీలు. ఒక్కో అక్షాంశం డిగ్రీకి దాదాపు 111 కిలోమీటర్లు. అంటే ఉత్తరానికి 133 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 0.61. రేఖాంశాలు ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయి కాబట్టి మన ప్రాంతంలో డిగ్రీకి 111 రావు, 107 వస్తాయి. అంటే పడమటికి 65 కిలోమీటర్లు. ఇక పైథాగరస్. 133 వర్గం, 65 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 148. భూమి గుండ్రంగా ఉంటుంది కదా అంటారేమో. ఇంత చిన్న దూరానికి ఆ తేడా కిలోమీటరు కూడా రాదు. అమెరికాకు కొలిచేటప్పుడు మాత్రం ఆ వంపు లెక్క వేయక తప్పదు.

తెల్లవారుజామున లేచి, స్కూలు నుంచి రిటైరైనప్పుడు పిల్లలిచ్చిన గోడ పటం దించి, కుట్టుమిషన్ దారం పెట్టి కూడా కొలిచాను. రెండు ఊళ్ల మధ్య దారం బిగించి, స్కేలు మీద పెడితే 150కి అటూ ఇటూ వచ్చింది. అదే దారాన్ని మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా రోడ్డు వంపుల వెంట పరిస్తే ఇంకో వేలెడు దారం కావలసి వచ్చింది.

ఇక 41 నిమిషాలు. చాలా సైట్లు గంటకు 800 కిలోమీటర్ల వేగం అనుకుంటాయి. దాని మీద ఎక్కడానికి, దిగడానికి ఓ అరగంట కలుపుతాయి. 148 కిలోమీటర్లకు 11 నిమిషాలు, ప్లస్ 30, మొత్తం 41. అంతకు మించి అందులో ఏమీ లేదమ్మా. ఆ అంకె కోసం ఎవరూ ఏ విమానం టైమ్‌టేబులూ చూడలేదు.

---

దేవనహళ్లి_దారి (అనంతపురం, పని బెంగళూరులో) · ఆదివారం ఉదయం 8:15

మాస్టారు చెప్పింది నాకు ఇప్పుడే అర్థమైంది సార్. ఇన్నాళ్లూ ఆ సైట్లలోని టైమ్ చూసే లీవులు ప్లాన్ చేసుకున్నాను.

అక్కా, గాలిలో ఉండే సమయం చూసి నిర్ణయించుకోవద్దు. నేనోసారి దెబ్బతిన్నాను. రెండేళ్ల కిందట మా పెద్దమ్మ పోయిందని ఫోనొస్తే తెల్లారి విమానం బుక్ చేశాను. విమానం గంటే కదా అన్న ధీమాతో ఇంట్లో ఆలస్యంగా కదిలాను. చెక్-ఇన్ కౌంటర్ బయలుదేరే టైమ్‌కు 60 నిమిషాల ముందే మూసేస్తారని తెలుసు, కానీ పది నిమిషాలు అటూ ఇటూ అయితే ఏమంటారులే అనుకున్నాను. వాళ్లు మూసేశారు. అద్దం అవతల విమానం కనిపిస్తూనే ఉంది. బతిమాలినా లోపలికి పంపలేదు. చివరి చూపు దక్కలేదు నాకు. అప్పటి నుంచి నేను లెక్కపెట్టేది ఒక్కటే, మా ఇంటి గడప దాటిన టైమ్ నుంచి అవతలి ఇంటి గడప ఎక్కే టైమ్ దాకా.

మా అనంతపురానికి రెగ్యులర్ విమానాలే లేవు. పుట్టపర్తిలో 1990 నుంచి విమానాశ్రయం ఉంది. దాని రన్‌వే 2,230 మీటర్లు, కడప, కర్నూలు రెండింటికంటే పొడవు. కానీ మనం రోజూ టికెట్ కొనుక్కుని ఎక్కే సర్వీసు అక్కడ లేదు. అందుకే మేమంతా 44వ నంబరు హైవే పట్టుకుని దేవనహళ్లికి పోతాం. బెంగళూరు ఊళ్లోకి దూరక ముందే విమానాశ్రయం వచ్చేస్తుంది, అదొక్కటి మాకు కలిసొచ్చింది.

---

గండికోట_గాలి (జమ్మలమడుగు) · ఆదివారం ఉదయం 10:30

అందరూ లేదు, లేదు అంటున్నారు. ఎందుకు లేదు అని ఒక్కరూ అడగట్లేదు.

రాయలసీమలో కడప, కర్నూలు, తిరుపతి, పుట్టపర్తి నాలుగు రన్‌వేలున్నాయి. ఒకదానికొకటి మధ్య ఒక్క విమానం లేదు. చిన్న విమానం తిరుపతిలో బయల్దేరి కడప, కర్నూలు మీదుగా విజయవాడ పోతే మన పెద్దవాళ్లకు ఎంత మేలు! రోడ్డు మీద నాలుగు గంటలు నడుము విరగ్గొట్టుకునే పని తప్పుతుంది. కట్టిన విమానాశ్రయాలు రోజుకు రెండు మూడు విమానాల కోసం ఎదురుచూస్తూ ఉన్నాయి. ఈ అక్కలాంటి వాళ్ల కోసమే కదా చిన్న ఊళ్లకు విమానాలు తిప్పే ఉడాన్ పథకం పెట్టింది?

---

కొండారెడ్డి_బురుజు (కర్నూలు) · ఆదివారం ఉదయం 11:10

అన్నా, మీ బాధ నాదీనూ. కానీ ఉడాన్ రాసిన తీరు చూడండి. 2016లో ఆ పథకం తెచ్చినప్పుడు మామూలు మైదాన ప్రాంతాల్లో విమానం దూరం 200 నుంచి 800 కిలోమీటర్ల మధ్య ఉండాలన్నారు. కొండ ప్రాంతాలు, దీవులు, సరిహద్దు ప్రాంతాల్లాంటి వాటికి మాత్రమే కింది హద్దు తీసేశారు. 148 కిలోమీటర్ల కడప–కర్నూలు ఆ గీతకు ఇవతలే ఆగిపోయింది. 200 లోపైతే జనం రోడ్డో రైలో పట్టుకుంటారు, విమానానికి నష్టం తప్ప మిగలదు అన్నది వాళ్ల ఉద్దేశం.

కడప వరకు ఉడాన్ మేలే చేసింది, అది ఒప్పుకోవాలి. 2017 ఏప్రిల్ 27న దేశంలో ఉడాన్ మొదలైన రోజున ప్రధానమంత్రి సిమ్లా నుంచి జెండా ఊపిన విమానాల్లో కడప–హైదరాబాద్ ఒకటి. అంతకు ముందు 2015 జూన్ 7న కొత్త టెర్మినల్ తెరిచి బెంగళూరు విమానం వేశారు. మొదట వచ్చిన రెండు చిన్న కంపెనీలూ ఇప్పుడు లేవు. మనకు కావలసింది విమానం ఒకసారి రావడం కాదు, నిలబడడం.

---

గండికోట_గాలి (జమ్మలమడుగు) · ఆదివారం ఉదయం 11:32

కొండ ప్రాంతాలకు హద్దు తీసేసినప్పుడు, ముసలివాళ్లున్న ప్రాంతానికి తీసేయలేరా? వైద్యం కోసం విజయవాడ, హైదరాబాద్, వేలూరు, బెంగళూరు పరిగెత్తడం మన సీమ జనానికి తప్పని పని. నేను అడుగుతూనే ఉంటాను.

---

రన్‌వే_2000 (కడప) · ఆదివారం మధ్యాహ్నం 2:05

ఆరేళ్లు విమానాశ్రయాల్లో గ్రౌండ్ డ్యూటీ చేశాను. ఈ విమానం వేసినా ఎంత టైమ్ పడుతుందో నేను చెబుతాను, అప్పుడు గండికోట అన్న అడిగిన దానికి జవాబు దొరుకుతుంది.

మన ఊళ్లకు వచ్చేది ఏటీఆర్ 72. రెండు పంఖాల విమానం, 78 సీట్లు. కడప, కర్నూలు రెండూ 2,000 మీటర్ల రన్‌వేలే, దానికి హాయిగా సరిపోతాయి. గంటకు 800 అన్నది జెట్ లెక్క. ఏటీఆర్ పూర్తి ఎత్తులో పోతే గంటకు 500 కిలోమీటర్లు, ఓ పది ఎక్కువ.

అది కూడా పైకి చేరాకే. 17,000 అడుగులకు ఎక్కడానికి పావుగంట పడుతుంది, ఆ పావుగంటా నెమ్మదిగానే పోతుంది. దిగేటప్పుడు పైలట్లకు ఒక చేతి లెక్క ఉంది. ప్రతి వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్లు. 17,000 అడుగుల నుంచి దిగాలంటే 51 నాటికల్ మైళ్ల ముందు నుంచే మొదలుపెట్టాలి, అంటే దాదాపు 95 కిలోమీటర్లు. మాస్టారు చెప్పిన 148 కిలోమీటర్లంటే 80 నాటికల్ మైళ్లు. అందులో 51 దిగడానికే పోతే ఎక్కడానికి మిగిలింది 29. అందులో 17,000 అడుగులు ఎక్కలేదు. కాబట్టి కడప–కర్నూలు విమానం పూర్తి ఎత్తుకు పోనే పోదు. సగం ఎత్తులో, తక్కువ వేగంతో, ఎక్కీ ఎక్కకముందే దిగాలి. ఇంధనం ఎక్కువ తాగేది ఎక్కేటప్పుడే. చక్రాలు, బ్రేకులు, ఇంజన్లు అరిగేది ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ. 150 కిలోమీటర్లకైనా 600 కిలోమీటర్లకైనా ఆ అరుగుదల ఒక్కటే. అందుకే కంపెనీలు ముందుకు రావు అన్నా.

ఇంకో సంగతి. టికెట్ మీద ఉండే టైమ్ ఎగిరిన దగ్గర నుంచి కాదు. విమానం చక్రాల కింద పసుపు రంగు దిమ్మెలు పెడతాం, చోక్స్ అంటాం. అవి తీసి విమానం కదిలినప్పటి నుంచి, అవతల మళ్లీ ఆగి చక్రాల కింద చోక్స్ పెట్టేదాకా లెక్క. చిన్న విమానాశ్రయాల్లో చాలాచోట్ల ట్యాక్సీ దారి రన్‌వే కొస దాకా ఉండదు. విమానం రన్‌వే మీదే ఆ కొసకు పోయి, అక్కడ గుండ్రంగా తిరిగి, అప్పుడు ఎగరాలి. గాలి ఎటు నుంచి వీస్తుందో దానికి ఎదురుగా దిగాలి కాబట్టి ఒక్కోసారి ఊరిని చుట్టి రావాలి. ఇవన్నీ కలిపితే ఎంత దగ్గరి ప్రయాణానికైనా అరగంట ఖర్చు ముందే ఖాయం.

---

లెక్కల_మాస్టారు (అనంతపురం) · ఆదివారం మధ్యాహ్నం 3:40

రన్‌వే బాబూ, ఎంత చక్కగా చెప్పారు! ఎక్కే సగం, దిగే సగం కలిసిపోతాయని నాకు తట్టలేదు.

మీరిచ్చిన వేగంతో కడప–విజయవాడ వేసి చూశాను. విజయవాడ విమానాశ్రయం ఉండే గన్నవరం అక్షాంశం 16.53, రేఖాంశం 80.80. సూటి దూరం 313 కిలోమీటర్లు. జెట్ వేగంతో సైట్ లెక్క 53 నిమిషాలు. ఏటీఆర్ వేగంతో 38 నిమిషాలు, మీ అరగంట కలిపితే 68. కర్నూలు నుంచి గన్నవరానికి 296 కిలోమీటర్లు. అంటే కడప కంటే 17 కిలోమీటర్లు దగ్గర. విమానానికి అది రెండు నిమిషాల తేడా.

ఎదురుగాలి సంగతి కూడా చూశాను. గంటకు 37 కిలోమీటర్ల ఎదురుగాలి ఉందనుకుంటే వేగం 463కు పడిపోతుంది. 313 కిలోమీటర్లకు అదనంగా మూడు నిమిషాలే. కడప నుంచి విశాఖ 595 కిలోమీటర్లు, అక్కడైనా ఆరు నిమిషాల లోపే. అమ్మా, మీకు ఎదురుగాలి పెద్ద లెక్కలోకి రాదు. మీ టైమంతా నేల మీదే పోతుంది.

---

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు) · ఆదివారం సాయంత్రం 6:15

అందరికీ చేతులెత్తి నమస్కారం. మాస్టారూ, మీ పోస్టు మా నాయనకు చదివి వినిపించాను. ఆయన ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేశారు. దారం పెట్టి కొలిచారంటే చాలా సంబరపడ్డారు. కేసీ కాలువ పనుల్లో తామూ పటం మీద అలాగే కొలిచేవాళ్లమని చెబుతూ అరగంట కూర్చున్నారు. ఆపరేషన్ అయ్యాక ఆయన అంతసేపు కూర్చోవడం ఇదే మొదటిసారి.

కడప–విజయవాడ టికెట్లు చూస్తే గంటా పది నిమిషాలు అని ఉంది, మాస్టారి 68కి దాదాపు సరిపోయింది.

ఇప్పుడు నా సందేహం వేరే. బుధవారమే పోవాలంటే ప్రొద్దుటూరు నుంచి ఓర్వకల్లుకు కారులో పోవాలి. డాక్టరుగారిని అడిగి గురువారానికి మార్చుకుంటే కడప నుంచి టికెట్లు దొరుకుతున్నాయి. ఏది మేలు? ఓర్వకల్లు దారి తెలిసినవాళ్లు చెప్పండి.

---

నల్లమల_నీడ (నంద్యాల) · ఆదివారం రాత్రి 8:50

అక్కా, ఆ దారిలో నెలకు నాలుగుసార్లు పోతాను. ఓర్వకల్లు విమానాశ్రయం కర్నూలుకూ మాకూ మధ్యలో, 40వ నంబరు హైవే మీదే ఉంటుంది. మా నంద్యాల నుంచి గంట కూడా పట్టదు. జులైలో మా అమ్మను అక్కడి నుంచే విజయవాడ తీసుకెళ్లాను. మాకైతే అది వరం. ఇంతకు ముందు విజయవాడ అంటే గిద్దలూరు ఘాట్ దాటి, రాత్రంతా బస్సులో.

మీకు మాత్రం లెక్క వేరు. ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు, చాగలమర్రి, ఆళ్లగడ్డ, నంద్యాల దాటి రావాలి. దాదాపు 150 కిలోమీటర్లు. రోడ్డు మంచిదే, మామూలు మనిషికి మూడు గంటలు. తుంటి ఆపరేషన్ అయిన మనిషిని గంటకోసారి దింపి నాలుగడుగులు నడిపించాలి. నాలుగు గంటలు వేసుకోండి. దానికి తోడు విమానాశ్రయంలో గంటన్నర ముందు ఉండాలి. మీరు తప్పించుకోవాలనుకున్న కారు ప్రయాణంలో సగం అక్కడే అయిపోతుంది.

కడప విమానాశ్రయం మీకు గంట. నేనైతే డాక్టరును అడిగి గురువారానికి మార్చుకుంటాను.

---

రన్‌వే_2000 (కడప) · ఆదివారం రాత్రి 9:20

నంద్యాల అన్న మాటే నాదీ. పెద్దాయన విషయంలో కొన్ని జాగ్రత్తలు చెబుతాను అక్కా.

వీల్‌చెయిర్ టికెట్ బుక్ చేసేటప్పుడే అడగాలి. అక్కడికి పోయాక అడిగితే ఇస్తారు, కానీ ముందు పేరున్నవాళ్ల తర్వాతే. ఏటీఆర్‌కు ప్రయాణికులు ఎక్కేది వెనక తలుపు నుంచి. విమానం నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి మెట్లు తక్కువే. మెట్లు ఎక్కలేరని ముందే చెబితే ర్యాంపు పెట్టమని అడగొచ్చు. సీటు వెనక వరసల్లో తీసుకోండి, నడక తగ్గుతుంది. నడవా పక్క సీటు, అదీ ఆపరేషన్ అయిన కాలు నడవా వైపు వచ్చేట్టు. కుడి తుంటి అయితే నడవా ఆయనకు కుడి పక్కన ఉండాలి, అంటే విమానంలో ఎడమ వైపు సీట్లలో నడవా సీటు.

తుంటిలో లోహం పెట్టి ఉంటారు కాబట్టి సెక్యూరిటీ గేటు దగ్గర మోగుతుంది. కంగారు పడొద్దు. పక్కకు తీసుకెళ్లి చేతి మిషన్‌తో చూస్తారు. ఆపరేషన్ డిశ్చార్జి కాగితం పైన పెట్టుకోండి. మందులు చేతి బ్యాగులోనే ఉంచండి, కింద వేసే సామానులో వద్దు. ప్రయాణం చేయొచ్చా, రక్తం గడ్డకట్టకుండా మందు ఏమైనా వేసుకోవాలా అన్నది డాక్టరుగారిని ఫోన్‌లో తప్పకుండా అడగండి.

---

దేవనహళ్లి_దారి (అనంతపురం, పని బెంగళూరులో) · ఆదివారం రాత్రి 9:45

అక్కా, గన్నవరంలో దిగాక ఊళ్లోకి మళ్లీ 20 కిలోమీటర్లు ఉంటుంది. మీ తమ్ముడిని కారు ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి తెమ్మని చెప్పండి. ఆ ట్రాఫిక్‌లో వెనక సీటులో కాలు మడిచి కూర్చోవడం కష్టం.

---

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు) · సోమవారం మధ్యాహ్నం 12:30

డాక్టరుగారితో మాట్లాడాను. గురువారం సాయంత్రం రమ్మన్నారు, ప్రయాణానికి సరే అన్నారు, మందు కూడా చెప్పారు. కడప నుంచి టికెట్లు తీసుకున్నాను. వీల్‌చెయిర్ అడిగాను. ఎడమ వైపు వెనక వరసలో నడవా సీటు దొరికింది. పోయొచ్చి చెబుతాను.

---

పెన్నా_ఒడ్డు · శుక్రవారం ఉదయం 7:10 (విజయవాడ నుంచి)

చేరుకున్నాం. చెకప్ అయింది. ఎముక బాగా అతుక్కుంటోందని, కర్ర పట్టుకుని నడవొచ్చని చెప్పారు.

దేవనహళ్లి తమ్ముడు చెప్పినట్టే గడప నుంచి గడపకు టైమ్ రాసుకున్నాను. నేను అడిగినవన్నీ మీరు ఓపిగ్గా చెప్పారు, రేపు ఇంకెవరికైనా పనికొస్తుందని ఇక్కడ పెడుతున్నాను.

ఇంట్లో కారు ఎక్కించి, కాలు కింద దిండు సర్ది కదలడానికి 10 నిమిషాలు. కడప విమానాశ్రయానికి గంటా 5. యర్రగుంట్ల దగ్గర గేదెలు అడ్డమొచ్చి కాసేపు ఆగాం. లోపలికి పోయాక సామాను ఇవ్వడం, సెక్యూరిటీ, కూర్చోవడం అంతా కలిపి గంటా 35. గేటు మోగింది. అక్కడున్న మహిళా సిబ్బంది "ఆపరేషనా తాతా?" అని అడిగి, నాయనను లేపకుండా కుర్చీలో ఉండగానే చూసే ఏర్పాటు చేయించింది. విమానం కదిలినప్పటి నుంచి గన్నవరంలో ఆగేదాకా గంటా 4 నిమిషాలు. అందులో చక్రాలు నేల విడిచినప్పటి నుంచి నేలను తాకేదాకా నేను వాచీ చూసింది 53 నిమిషాలు. దిగి, వీల్‌చెయిర్‌లో బయటికొచ్చి సామాను తీసుకోవడానికి 25. తమ్ముడి ఇంటికి 50 నిమిషాలు.

మొత్తం 5 గంటల 9 నిమిషాలు. అందులో గాలిలో గంట కూడా లేం. జూన్‌లో ఇదే దూరానికి కారులో, ఆగుతూ ఆగుతూ పదకొండు గంటలు పట్టింది.

ఏటీఆర్‌కు రెక్కలు పైన ఉంటాయి కదా, కిటికీలోంచి నేలంతా కనిపించింది. నాయన నడవా సీటులో ఉన్నారు, అమ్మ కిటికీ దగ్గర. కాసేపటికి కొండలు వచ్చాయి, పచ్చగా, ముడతలు ముడతలుగా, మధ్యలో ఒక్క ఊరు లేదు. అమ్మ ఒకటే చెప్పుకుపోతోంది, నాయన మెడ చాచి చూస్తున్నారు. తర్వాత చాలాసేపటికి కృష్ణ కనిపించింది. నిండుగా ఉంది. ఆయన బెల్టు పెట్టుకునే ముందుకు వంగి, నీళ్లు ఎంత వెడల్పు ఉన్నాయో అమ్మను అడిగారు. కాలు వాయలేదు.

---

లెక్కల_మాస్టారు (అనంతపురం) · శుక్రవారం ఉదయం 7:45

చాలా సంతోషం తల్లీ. 68కి నాలుగు నిమిషాలు ముందే చేర్చారు. మీ నాయనగారికి నా నమస్కారాలు చెప్పండి. కేసీ కాలువ పటాలు ఆయన దగ్గర ఉంటే ఎప్పుడైనా వచ్చి చూడాలని ఉంది.

---

గండికోట_గాలి (జమ్మలమడుగు) · శుక్రవారం ఉదయం 9:20

మంచి మాట చెప్పారక్కా. రన్‌వే అన్నా, మీరు చెప్పినదాని మీద ఆలోచించాను. కడప–కర్నూలు వద్దు, ఒప్పుకుంటున్నాను. కడప–విజయవాడ రోజూ తిరిగేట్టు చేయాలి. ఈ అక్కకు బుధవారం టికెట్లు దొరకకపోవడం వల్లే కదా ఇదంతా. అర్జీ రాస్తున్నాను. ఈ టైమ్‌లన్నీ అందులో పెట్టొచ్చా అక్కా?

---

పెన్నా_ఒడ్డు · శుక్రవారం ఉదయం 9:50

పెట్టండన్నా. మా పేరు కూడా రాయండి. నాయన సంతకం పెడతానంటున్నారు.

---

నల్లమల_నీడ (నంద్యాల) · శుక్రవారం ఉదయం 10:15

మా అమ్మ సంతకం కూడా తీసుకోండి. కర్నూలుది కూడా రోజూ వేయమని ఒక లైను కలపండి అన్నా.